అన్నం పప్పు అడ్డుకున్న క్షయ

టీబీ బ్యాక్టీరియా ఒంట్లోకి చేరినంత మాత్రాన జబ్బు రాదు. ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతు మందికి ఇది ఎప్పుడో ఒకప్పుడు సోకి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో జీవితకాలంలో జబ్బుపడేది నూటికి 5 నుంచి 10 మందే. మిగతావారిని కాపాడేది వారి రోగనిరోధక శక్తి. మరి ఆ శక్తికి బలం ఎక్కడిది?

ఊపిరితో లోపలికి వెళ్లిన బ్యాక్టీరియాను ముందుగా ఊపిరితిత్తుల్లోని మాక్రోఫేజ్ కణాలు మింగేస్తాయి. కానీ టీబీ క్రిమి మొండిది, తనను మింగిన కణంలోనే బతకగలదు. అప్పుడు టీ కణాలనే రక్షణ కణాలు వచ్చి ఇంటర్‌ఫెరాన్ గామా అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. దాంతో మాక్రోఫేజ్‌లకు క్రిమిని చంపే సత్తా పెరుగుతుంది. అయినా చావని క్రిముల చుట్టూ రక్షణ కణాలు గుమిగూడి, గ్రాన్యులోమా అనే చిన్న గడ్డగా ఏర్పడి, వాటిని కదలనివ్వవు. ఏళ్ల తరబడి సాగాల్సిన కాపలా ఇది.

ఈ కాపలాకు ఖర్చయ్యేది మనం తిన్న తిండే. టీ కణాలు వేగంగా పెరగాలంటే ప్రొటీన్లు, శక్తి కావాలి. మనిషి చిక్కిపోతే కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ హార్మోన్ తగ్గుతుంది. అది తగ్గితే టీ కణాల చురుకూ తగ్గుతుంది. అణిగి ఉన్న క్రిమికి కావలసింది ఆ అదనే.

తిండి పెడితే జబ్బు ఆగుతుందా? డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవీ భార్గవ బృందం చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థతో కలిసి జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో 2019లో ఈ ప్రశ్నకు జవాబు వెతకడం మొదలుపెట్టింది. 2,800 మంది రోగులు, వారి ఇళ్లలోని 10,345 మంది ఇందులో ఉన్నారు. రోగులందరికీ ఆహారం అందింది. దాదాపు సగం మంది కుటుంబ సభ్యులకు మాత్రం అదనంగా ఆరు నెలల పాటు నెలకు మనిషికి 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. 2023లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఆ ఆహారం అందని కుటుంబ సభ్యులతో పోలిస్తే వీరిలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. చికిత్స మొదలైన రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగిన రోగులకు మరణం ముప్పు 61 శాతం తక్కువగా ఉంది.

కడుపు నిండినవారికీ ముప్పు లేకపోలేదు. షుగర్ ఉన్నవారికి టీబీ వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువ, ఎందుకంటే రక్తంలో చక్కెర పెరిగినకొద్దీ రక్షణ కణాలు మందగిస్తాయి. పొగ ఊపిరితిత్తుల్లోని మాక్రోఫేజ్‌లను దెబ్బతీస్తుంది. అతిగా తాగే మద్యం అటు తిండిని, ఇటు రక్షణ కణాలను రెంటినీ పాడుచేస్తుంది.

తిండి మందులకు బదులు కాదు. డాక్టర్ ఆపమనేదాకా మాత్రలు వాడి తీరాలి. అయితే కేంద్ర ప్రభుత్వ నిక్షయ్ పోషణ్ పథకం కింద ఇప్పుడు నెలకు 1,000 రూపాయలు అందేది రోగికే. అదే ఇంట్లో, అదే గాలి పీల్చే పిల్లలకు, పెద్దలకు కూడా పరీక్షలతో పాటు బియ్యం, పప్పు అందాలి. ‘ఇమ్యూనిటీ’ పేరుతో అమ్మే పొడుల మీద పెట్టే డబ్బు ఆ కంచాల్లోకి చేరితే, రేపటి రోగుల్లో ఎందరో అసలు రోగులే కారు.