పూతరేకు చెప్పే పాఠం



మురుగు కాలువకు అడ్డుపడిన ప్లాస్టిక్ కవర్ల వెనుక బోదకాలు తెచ్చే దోమలు పెరుగుతాయి. పారేసిన కవరులో నిలిచిన వాన నీటిలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. కవర్లు తగలబెడితే ఆ పొగ ఊపిరితిత్తులకు చేటు. మరి కవర్లకు బదులు ఏమున్నది?

తూర్పు గోదావరి ప్రాంతపు సగ్గుబియ్యం మిల్లుల్లో కర్రపెండలం పాలు తీశాక పిప్పి మిగులుతుంది. ఎండిన పిప్పిలో దాదాపు సగం పిండి పదార్థమే. ఆ పిండిని నీటిలో కలిపి వేడిచేస్తే సుమారు 70 డిగ్రీల వద్ద గంజిలా చిక్కబడుతుంది. పలుచగా పరచి ఆరబెడితే పొరగా ఊడివస్తుంది. ఆత్రేయపురం పూతరేకు కూడా ఇటువంటి పిండి పొరే. అది పట్టుకుంటే విరుగుతుంది. అలా విరగకుండా ఈ పొరలో గ్లిజరిన్ కలుపుతారు. మట్టిలోని సూక్ష్మజీవులు దీనిని ఆహారంగా తీసుకుంటాయి.

లోపమూ ఉన్నది. తడి తగిలితే ఈ పొర మెత్తబడుతుంది. అందుకే సంచుల తయారీలో కంపోస్టు కాగల ఇతర పదార్థాలు కలుపుతారు. కొందరు మామూలు ప్లాస్టిక్‌లోనే కొంత పిండి కలిపి "బయో" అని అమ్ముతారు. అది ముక్కలవుతుంది గాని మట్టిలో కలవదు. కనుక "కంపోస్టబుల్" అనే మాట, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువీకరణ చూసి కొనండి. వాడిన సూదులు, కట్టుగుడ్డలు మాత్రం వీటిలో వేయకండి.

అన్నిటికంటె మేలైనది ఇంటి గుడ్డ సంచే. మందులకు వచ్చేటప్పుడు వెంట తెచ్చుకోండి. రొట్టెలు పంచిన తరువాత మిగిలిన ముక్కలను కూడా పోగుచేయించిన ప్రభువు బిడ్డలము మనము. దేనినీ వ్యర్థపరచకుందాము.