మా కాగితం విమానం ఎందుకు కూలింది?

ఈ ఢిల్లీ బడిలో మా తరగతికి తెలుగువాళ్లం మేమిద్దరమే. మధ్యాహ్నం వరండాలోంచి కాగితం విమానాలు వదులుతాం. సన్నటి బాణం విమానం దూసుకుపోతుంది; రెక్కలు చిన్నవి కనుక వేగం తగ్గగానే దిగిపోతుంది. వెడల్పు రెక్కలది మెల్లగా తేలాలి. మాది మాత్రం ముక్కు పైకెత్తి, గాలిలో ఆగి, దభీమని పడేది!

బరువు వెనక ఎక్కువైంది. ముక్కు దగ్గర మరో రెండు మడతలు వేశాం. ఈసారి ముక్కు నేలకేసి దిగింది. రెక్కల వెనక అంచును గోరంత పైకి వంచితే సర్దుకుంది. రెక్కలు రెండూ కాస్త పైకి లేచి ఉండాలి. విమానం ఒరిగి పక్కకు జారితే, కిందికి దిగిన రెక్కనే గాలి ఎక్కువగా ఎత్తి నిలబెడుతుంది.

జపాన్‌కు చెందిన తకువో తోదా విమానం 2010లో 29.2 సెకన్లు ఎగిరింది. మాది 5 దాటలేదు. మార్చిలో మాలో ఒకరు బదిలీపై వెళ్లిపోతారు, ఈలోపే దాటించాలి.