ప్రశ్నభాషకు ప్రమాణము

తాండూరు కందులకును నాపరాళ్లకును పేరుపొందిన పట్టణము. అచటి కందులకు 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు లభించినది. వికారాబాదు 2016లో ఏర్పడిన జిల్లాకు ముఖ్యపట్టణము. కందులు అమ్మిన రైతుల పట్టిక తాండూరులో ఒక కంప్యూటరునందు ఉన్నదనియు, దానిని వికారాబాదులోని వేరొక కంప్యూటరునకు పంపిరనియు అనుకొందము. రెండు చోట్లను ఒకే ప్రశ్న అడిగినచో ఒకే జవాబు రావలెను గదా! రాకపోవుటయు కలదు.

పూర్వము ఒక ఊరి శేరు మరియొక ఊరి శేరుతో సరిపోయెడిది కాదు. 1956లో తూనికలు, కొలతల ప్రమాణ చట్టము వచ్చి, 1958 అక్టోబరు నుండి మెట్రిక్ తూనికలు అమలులోనికి వచ్చెను. తనిఖీదారు ముద్ర వేసిన తూకపురాళ్లే అంగడిలో చెల్లును. కంప్యూటరును ప్రశ్నించు భాషకును ఇట్టి ప్రమాణమే అవసరమైనది.

సమాచారమును వరుసలు, గడులు గల పట్టికలుగా అమర్చు పద్ధతిని ఐ.బి.ఎం. సంస్థలోని ఎడ్గార్ కాడ్ 1970లో వివరించెను. అదే సంస్థకు చెందిన చాంబర్లిన్, బోయిస్ అనువారు 1974లో అట్టి పట్టికలను ప్రశ్నించుటకు ఒక భాషను ప్రకటించిరి. అదియే నేటి ఎస్.క్యూ.ఎల్. ఏ పట్టికనుండి ఏమి కావలెనో చెప్పినచాలును. వెదకు మార్గమును యంత్రమే చూచుకొనును. పలు సంస్థలు ఈ భాష గల సాధనములను అమ్మసాగినవి. 1986లో అమెరికాలోను, 1987లో అంతర్జాతీయముగాను దీనికి ప్రమాణము వెలువడెను.

అయితే అప్పటికే ఎవరి యాస వారికి ఏర్పడిపోయినది. మార్చినచో పాత కొనుగోలుదారుల పనులు చెడును. మొదటి పది పేర్లు మాత్రమే కావలెనన్నచో ఒక సాధనము ‘లిమిట్’ అనును, వేరొకటి ‘టాప్’ అనును. ప్రమాణములో దీనికి నియమము 2008లో గాని రాలేదు. ఇట్టి భేదము వలన పెద్ద చిక్కు లేదు. తెలియని మాటను యంత్రము వెంటనే తిరస్కరించును, మనము దిద్దుకొందుము. నోరు మెదపని భేదమే ప్రమాదకరము.

మన పట్టికలో ‘చెల్లింపు’ అను గడి కలదు. సొమ్ము అందినవారికి ‘చెల్లినది’ అని వ్రాసిరి. ఒక రైతుకు సొమ్ము అందలేదు; అతని గడిలో అక్షరములు లేని ఖాళీ మాటను ఉంచిరి. ‘చెల్లినది’ అని లేని వారెవరని అడిగితిమి. పోస్ట్‌గ్రెస్ అను సాధనము ప్రమాణము ననుసరించి, ఖాళీ మాట ‘చెల్లినది’కి భిన్నమే యని అతని పేరు చూపును. ఒరాకిల్ అను సాధనమో, ఖాళీ మాటను ‘విలువ తెలియదు’ అని గ్రహించును. తెలియని విలువ ‘చెల్లినది’కి భిన్నమా? అదియు తెలియదు. నిశ్చయముగా నిజమైన వరుసలనే ఈ భాష జవాబులో చేర్చును గనుక ఆ రైతు పేరు రాదు. ప్రశ్నలో ఒక్క అక్షరము మారలేదు, యంత్రము తప్పని చెప్పలేదు. సొమ్ము రావలసినవాడు మాత్రము జాబితాలో లేడు!

సాధనములు ప్రమాణమునకు లోబడినవో లేవో అమెరికా ప్రభుత్వ ప్రమాణసంస్థ 1996 వరకు పరీక్షించెడిది. ఆ పరీక్ష నిలిచిపోయినది. తాము ఎంతవరకు పాటించుచున్నారో నేడు అమ్మువారే చెప్పుకొందురు. అంగడిలో తనిఖీదారు లేకున్న తూకపురాళ్లకు వర్తకుని మాటయే ముద్ర యైనట్లున్నది. అందుచేత పట్టికను తరలించు జాగ్రత్తపరులు అదే ప్రశ్నను రెండు యంత్రములందును వేసి, జవాబులోని పేర్లను లెక్కించి పోల్చి చూతురు.