తూర్పు కనుమల జలాశయాలలో లాంచీ ఇంజన్లు: హెడ్ గాస్కెట్ వైఫల్య నిర్ధారణ

కీలక పదాలు: లాంచీ, డీజిల్ ఇంజన్, హెడ్ గాస్కెట్, జోలాపుట్టు, బలిమెల, మరుగు ఉష్ణోగ్రత

ఉపోద్ఘాతం

మాడుగుల కొండలలో పుట్టిన మాచ్‌ఖండ్ నది డుడుమ జలపాతం దాటిన తరువాత సీలేరుగా పేరు మార్చుకొని శబరిలో కలుస్తుంది. డుడుమకు ఎగువన జోలాపుట్టు, దిగువన బలిమెల ఈ నదిపై వెలసిన పెద్ద జలాశయాలు. బలిమెల నీరు నిండిన తరువాత చిత్రకొండ అవతల 151 గ్రామాలు బయటి ప్రపంచానికి దూరమయ్యాయి. ‘కటాఫ్ ఏరియా’ అన్న పేరు వాటికి అలా వచ్చిందే. 2018 జులై 26న 910 మీటర్ల గురుప్రియ వంతెన ప్రారంభమయ్యే వరకు రేషను బియ్యానికైనా, ఆసుపత్రికైనా అక్కడివారికి లాంచీలూ నాటుపడవలే ప్రధాన ఆధారం. అటువంటి చోట ఒక ఇంజన్ ఆగిపోవడం యంత్రశాస్త్ర సమస్యగా మాత్రమే మిగలదు. హెడ్ గాస్కెట్ పోయిందన్న తొందరపాటు నిర్ణయంతో హెడ్ విప్పితే, లోపం మరొకచోట ఉన్నా లాంచీ రోజుల తరబడి ఒడ్డునే ఉంటుంది. ఒకసారి బిగింపుకు నలిగిన గాస్కెట్‌ను తిరిగి వాడరాదు. కొత్తది మైదానం నుంచి రావాలి. కాబట్టి విప్పకముందే నిర్ధారించుకోవడం ఇక్కడ తీరప్రాంతంలో కన్నా ఎక్కువ అవసరం.

లోపం స్వభావం

సిలిండర్ బ్లాకుకూ హెడ్‌కూ మధ్య ఉండే ఈ పలుచని పొర దహన వాయువును, చల్లార్చే నీటిని, నూనెను ఒకదానితో ఒకటి కలవకుండా ఆపుతుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు సిలిండర్‌లోని పీడనం వాతావరణ పీడనానికి అనేక పదుల రెట్లు. నీటి మార్గంలో అది రెండు రెట్లకు మించదు. అందువల్ల పొర చిట్లితే నడకలో వాయువు నీటిలోకి చొరబడుతుంది. ఇంజన్ ఆపిన తరువాత పరిస్థితి తలకిందులై, నీటి మార్గంలో మిగిలిన పీడనం నీటిని సిలిండర్‌లోకి నెడుతుంది. పగలు ట్యాంకులో బుడగలు, మరునాటి ఉదయం తెల్లని పొగ కనిపించడానికి కారణం ఒకటే.

కొండ ఎత్తు కల్పించే భ్రమలు

ఈ రెండు లక్షణాలూ కొండలలో వేరే కారణాలతో కూడా కనిపిస్తాయి. జోలాపుట్టు పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి సుమారు 838 మీటర్లు. అక్కడ నీరు దాదాపు 97 డిగ్రీల సెల్సియస్ వద్దనే మరుగుతుంది. సుమారు 462 మీటర్ల ఎత్తున్న బలిమెలలో ఇది 98.5 డిగ్రీలు. ట్యాంకు మూత సక్రమంగా పనిచేస్తే లోపలి పీడనం వల్ల మరుగు ఉష్ణోగ్రత దాదాపు 20 డిగ్రీలు పెరుగుతుంది గనుక ఈ తేడా బయటపడదు. మూత స్ప్రింగు బలహీనపడితే మాత్రం, గేజీ నూరు చూపకముందే నీరు మరుగుతుంది. నూరుకు దిగువన బుడగలు వస్తే అవి దహన వాయువులేనని సముద్రతీరంలో అనుభవం గడించిన మెకానిక్ భావించడం సహజం. ఆ అనుభవమే ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది.

కంప్రెషన్ పరీక్షకూ ఇదే వర్తిస్తుంది. జోలాపుట్టు ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టం కంటే దాదాపు 10 శాతం తక్కువ. తీరంలో 28 బార్ చూపిన సిలిండర్ ఇక్కడ 25 బార్ కన్నా కొద్దిగా ఎక్కువ చూపుతుంది. అన్ని సిలిండర్లూ ఒకే విధంగా తగ్గితే అది గాస్కెట్ లోపానికి సాక్ష్యం కాదు. పక్కపక్కనున్న రెండు మాత్రమే తగ్గితే, ఆ రెండింటి మధ్య పొర తెగిందని బలంగా అనుమానించాలి.

చలికాలపు ఉదయాలలో ఎగ్జాస్ట్ నుంచి వచ్చే తెల్లని ఆవిరి, నూనె పోసే మూత కింద చేరే పాలమీగడ వంటి జిగురు కూడా ఇటువంటివే. తక్కువ దూరాలు తిరిగే ఇంజన్‌లో గాలి తేమ గడ్డకట్టి ఆ జిగురు ఏర్పడుతుంది. డిప్‌స్టిక్ మీద ఉన్న నూనె కూడా తెల్లబడితేనే దానిని పట్టించుకోవాలి. అప్పుడైనా ఆయిల్ కూలర్‌ను పరీక్షించకుండా గాస్కెట్‌ను నిందించరాదు.

ఉప్పునీటిలో దొరికే ఒక ఆధారం ఇక్కడ లేదు. సముద్రపు పడవలో ఉష్ణ వినిమయకం చిల్లుపడితే లోపలి నీటిలో ఉప్పు జాడ తెలుస్తుంది. జలాశయంలో లోపలా బయటా మంచినీరే. లోపలి వలయంలో రంగు కూలంట్ వాడితే ఆ లోటు కొంత తీరుతుంది. లేదా వినిమయకాన్ని వేరుచేసి, గాలి పీడనం ఎక్కించి నీటిలో ముంచి చూడాలి.

పరీక్షల వరుస

అన్నింటికన్నా విలువైన పరీక్షకు పరికరమే అక్కర్లేదు. రాత్రంతా చల్లారిన ఇంజన్ ట్యాంకు మూత తీసి నడిపించాలి. మరుగుడు బుడగలకు వేడి కావాలి, వాయువుకు అక్కర్లేదు. నీరు చల్లగా ఉండగానే బుడగలు ఆగకుండా వస్తే గాస్కెట్, పగిలిన హెడ్, చీలిన లైనర్ ఈ మూడింటిలో ఒకటి కారణం. కొద్ది నిమిషాలలో ఆగిపోతే అది చిక్కుకున్న గాలి. నీటి పంపు బెల్టుతో తిరిగేదైతే బెల్టు తీసి ఒక్క నిమిషం మాత్రం నడపాలి. బుడగలు ఆగితే పంపు సీలు గుండా గాలి పీలుస్తున్నదని అర్థం. తరువాత ఒక్కొక్క సిలిండర్ ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి ఇంధనం ఆపాలి. లోపమున్న సిలిండర్ వంతు వచ్చినప్పుడు బుడగలు తగ్గుతాయి, పూర్తిగా ఆగకపోవచ్చు. సంపీడనం చెందే గాలి అప్పుడూ ఉంటుంది.

కార్బన్ డయాక్సైడ్‌ను గుర్తించి నీలం నుంచి పసుపుకు మారే ద్రావణ పరీక్ష డీజిల్ ఇంజన్‌లో ఐడిలింగ్ మీద నమ్మదగినది కాదు. ఆ దశలో వాయువులో కార్బన్ డయాక్సైడ్ అతి తక్కువ. లాంచీని ఒడ్డుకు గట్టిగా కట్టి, ప్రొపెల్లర్ భారం మీద నడుపుతూ చూడాలి.

నీరు సిలిండర్‌లో చేరిందన్న అనుమానం ఉంటే స్టార్టర్ నొక్కరాదు. నీరు కుదించుకుపోదు గనుక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజెక్టర్లు తీసి, క్రాంక్‌ను చేతితో తిప్పి నీటిని బయటకు రానివ్వాలి.

ఇవన్నీ గాస్కెట్‌నే సూచిస్తే హెడ్ విప్పక తప్పదు. విప్పిన తరువాత కొత్త గాస్కెట్ పరచడానికి ముందు హెడ్ చదును, బ్లాకు పైకి లైనర్ పొడుచుకొని ఉన్న ఎత్తు కొలవాలి. లైనర్ ఒకటి దిగిపోయి ఉంటే ఎంత మంచి గాస్కెట్ వేసినా అదే చోట మళ్ళీ చిట్లుతుంది.