తీగతో పోసే అల్యూమినియం: లోపలి బుడగల సంగతి

మన హాస్టల్ వంటగదిలోని సిల్వర్ గుండిగ అల్యూమినియందేనని అందరికీ తెలుసు. ఆ లోహాన్నే తీగగా సాగదీసి, వెల్డింగ్ ఆర్క్‌తో కరిగిస్తూ, గోడ కట్టినట్టు పొర మీద పొర పోసి యంత్రభాగాలు తయారుచేస్తున్నారు. 2023 మార్చిలో అమెరికాలో రిలేటివిటీ స్పేస్ సంస్థ ప్రయోగించిన టెర్రాన్-1 రాకెట్ బరువులో 85 శాతం త్రీడీ ప్రింటింగ్‌తో చేసినదే. దాని ఒళ్లు అల్యూమినియం మిశ్రమలోహపు తీగతో పోసింది. రెండో దశ ఇంజన్ సరిగా అందుకోక అది కక్ష్య చేరలేదు గానీ, గాలి ఒత్తిడి అత్యధికంగా ఉండే ఘట్టాన్ని ఆ ఒళ్లు తట్టుకుంది.

అలా తట్టుకోవాలంటే లోపల బుడగలు ఉండకూడదు. ఇక్కడినుంచి ఐటీఐ, పాలిటెక్నిక్ దారి పట్టిన మేము తమ్ముళ్లకు చెప్పదలచుకున్నది ఈ బుడగల గురించే.

కరిగిన అల్యూమినియం హైడ్రోజన్‌ను బాగా పీల్చుకుంటుంది. గడ్డకట్టాక అందులో సుమారు ఇరవయ్యో వంతు మాత్రమే పట్టి ఉంచగలదు. మిగిలింది బయటపడేలోగా లోహం బిగిసిపోతుంది. పైకి నున్నగా ఉన్న ముక్క లోపల ఇడ్లీలా తయారవుతుంది. ఇంతకీ ఈ హైడ్రోజన్ ఎక్కడిది? తీగ మీది తేమ, నూనె, చెమట చేతి మరక, ఇవే. తీగపై ఉండే ఆక్సైడ్ పొర కూడా తేమను పట్టుకుంటుంది. అందుకే తీగచుట్టను కవరు కట్టి పొడిచోట ఉంచాలి, వట్టి చేత్తో ముట్టకూడదు. మన కోస్తా వానాకాలంలో అయితే మరీను! మా లెక్కలో సగం నాణ్యత తీగను దాచడంలోనే ఉంది.

అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. దానిపై ఆక్సైడ్ మాత్రం 2,000 డిగ్రీలు దాటితేగాని కరగదు. కనుక ఏసీ కరెంటుతో ఆ పొరను చెదరగొడతారు, చుట్టూ ఆర్గాన్ వదులుతారు. వేడి పేరుకుంటే గోడ జారి వెడల్పవుతుంది కాబట్టి పొరకూ పొరకూ మధ్య ఉష్ణోగ్రత చూసుకోవాలి.

ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయం వారు ఒక్కో పొరనూ చపాతీ ఒత్తినట్టు రోలరుతో నొక్కి చూశారు. బుడగలు చాలావరకు మూసుకుపోయాయి, బలమూ పెరిగింది.

చివర్లో ఎక్స్‌రే, అల్ట్రాసోనిక్ పరీక్షలు ఉంటాయి. కానీ అప్పటికి బోలెడు లోహం, రోజుల పని ఖర్చయి ఉంటాయి. అందుకే పోస్తుండగానే కరెంటు, వోల్టేజి నమోదు చేస్తారు. ఏ పొరలో తేడా కనిపిస్తే అక్కడే ఆపి, ఆ పొరను చెక్కేసి, మళ్లీ పోస్తారు.