కర్మాగారాల నడుమ పుట్టిన నాదం

పుదుచ్చేరి పట్టణంలోని మేట్టుపాళయం వంటి పారిశ్రామికవాడలలో యంత్రాల హోరు నిత్యజీవితంలో ఒక భాగం. ఆ హోరుకు అలవాటుపడిన చెవికి ‘హెవీ మెటల్’ అనే పాశ్చాత్య సంగీతరీతి అంత వింతగా తోచకపోవచ్చు. ఏలయన, ఆ సంగీతం రాజాస్థానాలలో పుట్టినది కాదు; ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ అనే పారిశ్రామిక నగరంలో, శ్రామిక కుటుంబాల మధ్య రూపుదిద్దుకున్నది.

1965లో ఆ నగరంలో టోనీ అయోమీ అనే పదిహేడేళ్ల యువకుడు రేకుల కర్మాగారంలో పనిచేస్తూ, యంత్రంలో చేయి చిక్కుకొని, కుడిచేతి రెండు వేళ్ల కొనలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతివాటం గల ఆయనకు గిటారు తీగెలను అదిమిపట్టవలసిన చేయి అదే. కరిగించిన ప్లాస్టిక్‌తో వేళ్లకు తొడుగులు చేసుకొని, పలుచని తీగెలు బిగించి ఆయన మరల సాధనకు పూనుకున్నాడు. తరువాతి కాలంలో తీగెల బిగువు సడలించి శ్రుతిని కూడా తగ్గించాడు. ఆయన సభ్యుడుగా ఉన్న ‘బ్లాక్ సబ్బాత్’ బృందం 1970లో వెలువరించిన తొలి సంపుటాన్ని పలువురు ఈ రీతికి నాందిగా పరిగణిస్తారు. ఆ నాదపు బరువు వెనుక ఒక కార్మికుని గాయం ఉన్నది.

ఇది కేవలం చెవులు చిల్లులుపడే మోత అనే అభిప్రాయం సరికాదు. ఆంప్లిఫయర్ భరించగల మేరకు మించి గిటారు ధ్వనిని పెంచినప్పుడు మూలస్వరంతోపాటు అనేక ఉపస్వరాలు జనించి నాదం గరుకుదేరుతుంది. ఆ స్థితిలో ఎక్కువ స్వరాలను కలిపి మీటితే అవి ఒకదానితో ఒకటి కలహిస్తాయి. కనుక వాద్యకారులు తరచుగా షడ్జ పంచమాలను మాత్రమే జోడిస్తారు. మన తంబురా శ్రుతిలో సాధారణంగా వినిపించేదీ ఈ జంటయే. షడ్జానికి ఎదురుగా ప్రతిమధ్యమాన్ని నిలిపి భయాన్ని, ఉద్వేగాన్ని ధ్వనింపజేయటం మరొక పద్ధతి. గర్జన వంటి గానం సైతం శ్వాసను అదుపులో ఉంచే దీర్ఘసాధన లేనిదే సాధ్యపడదు.

భారతదేశంలో చలనచిత్ర సంగీతానిదే పైచేయి. దానితో నిమిత్తం లేని బృందానికి వాద్యాల ఖర్చు, ధ్వనిముద్రణ ఖర్చు, ప్రయాణాల ఖర్చు తానే భరించక తప్పదు. అయినను ఈ సంగీతానికి మన నగరాలలో శ్రోతలు ఏర్పడ్డారు. బెంగళూరులో 2007లో ‘ఐరన్ మెయిడెన్’, 2011లో ‘మెటాలికా’ బృందాల కచేరీలు జరిగాయి. హైదరాబాదు బృందంగా పేరొందిన ‘గాడ్‌లెస్’ 2018లో ‘స్వార్మ్’ అనే లఘుసంపుటాన్ని, 2021లో ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ అనే పూర్తి సంపుటాన్ని విడుదల చేసింది.

ఢిల్లీకి చెందిన ‘బ్లడీవుడ్’ బృందం 2016లో ఆరంభమైనది. న్యాయవాద వృత్తిని విడిచివచ్చిన కరణ్ కటియార్, గాయకుడు జయంత్ భదులా దీనికి ఆద్యులు. రౌల్ కెర్ అనంతరం వారితో చేరాడు. ప్రసిద్ధ గీతాలకు వినోదాత్మకమైన అనుకరణలతో మొదలైన ఈ బృందం క్రమంగా సొంత రచనలకు మళ్లింది. గిటారు సరసన ఢోలును, వేణువును నిలిపి, హిందీ, పంజాబీ, ఆంగ్ల భాషలను ఒకే పాటలో మేళవించింది. 2019లో జర్మనీలోని వాకెన్ ఉత్సవంలో వేలాదిమంది ఎదుట ప్రదర్శన ఇచ్చింది. 2022లో ‘రక్షక్’ అనే సంపుటాన్ని ఏ రికార్డు కంపెనీ అండ లేకుండా తానే విడుదల చేసుకున్నది.

ఈ స్వతంత్రత ఖర్చుతో కూడినదే అయినా, దానికి ఒక ఫలం కలదు. ఏ విషయంపై పాడవలెనో నిర్ణయించేది కళాకారులే. మానసిక కుంగుబాటును ఎదుర్కొనుమని ధైర్యం చెప్పే ‘జీ వీరే’, స్త్రీలపై అత్యాచారాలను నిరసించే ‘దనా దన్’ ఈ బృందం పాడినవే. చలనచిత్ర కథకు ఒదగనవసరం లేని పాటకు ఇట్టి అవకాశం లభిస్తుంది.

బర్మింగ్‌హామ్ కర్మాగారాల నుండి వచ్చిన రీతిలో పంజాబు ఢోలు ఇమిడినప్పుడు, మన డప్పుకు, తమిళుల పఱైకి చోటు లేకపోదు. పరాయి బాణీని చేపట్టిన కళాకారుడు తన ఊరి వాద్యాన్ని విడనాడనవసరం లేదని ఈ బృందం అనుభవం తెలుపుతున్నది.