ప్రెగ్నెన్సీ ప్లానింగ్‌లో ఉండగా ఉద్యోగం మారొచ్చా? 80 రోజుల లెక్క ఇదే..

నారాయణఖేడ్: పెళ్లయి రెండేళ్లయింది.. పిల్లల కోసం చూస్తున్నారు. సరిగ్గా అప్పుడే పటాన్‌చెరులోనో, సంగారెడ్డిలోనో జీతం ఎక్కువొచ్చే ఉద్యోగం దొరికింది. వెళ్లాలా? ఆగాలా? "ఇప్పుడు మారితే మెటర్నిటీ లీవ్ రాదు, ఉన్నచోటే ఉండు".. ఇంట్లో అత్తమ్మ దగ్గర్నుంచి ఆఫీసులో తోటివాళ్ల దాకా చాలామంది చెప్పే మాట ఇదే. ఈ సలహాలో నిజం సగమే.

చట్టం ఏడాది సర్వీసు అడగదు. డెలివరీ డేట్‌కి ముందు 12 నెలల్లో, లీవ్ అడుగుతున్న సంస్థలో కనీసం 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలో ఉన్న ఈ రూల్, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ అలాగే ఉంది. మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు జీతంతో సెలవు. ఆపై కాన్పుకి 12 వారాలే.

లెక్క వేసి చూద్దాం. గర్భం సుమారు 280 రోజులు. కొత్త చోట చేరగానే నెల తప్పారనుకుందాం. డెలివరీకి 8 వారాల ముందే లీవ్ పెట్టినా మధ్యలో 190 రోజులకు పైగా ఉంటాయి. వారం సెలవులు తీసేసినా 80 సులువుగా దాటుతుంది. మూడు నెలల గర్భంతో చేరినవాళ్లకూ సరిపోతుంది. అయితే పాత కంపెనీలో చేసిన రోజులు ఇందులో కలవవు. పదిమంది కన్నా తక్కువ పనిచేసే షాపులకు ఈ రూలే వర్తించదు. ఖేడ్ లాంటి ఊళ్లో ఇది చిన్న విషయం కాదు.

అసలు మెలిక ఈఎస్ఐ దగ్గర ఉంది. నెల జీతం 21 వేలు దాటని వాళ్లలో చాలామంది దీని కిందకే వస్తారు. ఇక్కడ డబ్బు ఇచ్చేది కంపెనీ కాదు, ఈఎస్ఐ. రూల్ కూడా వేరు. ముందు రెండు చందా కాలాల్లో (ఏప్రిల్-సెప్టెంబర్, అక్టోబర్-మార్చి) కలిపి 70 రోజుల చందా ఉండాలి. జులై-డిసెంబర్ మధ్య డెలివరీ అయితే, ఆ ఏడాది మార్చి 31 వరకు ఉన్న చందానే చూస్తారు. అంటే.. ఏప్రిల్‌లో మొదటిసారి ఈఎస్ఐలో చేరి, డిసెంబర్‌లో డెలివరీ అయితే ఆ డబ్బు రాదు! ఎనిమిది నెలలు జీతంలో కోత పడినా సరే.

అదే ముందు నుంచీ ఈఎస్ఐలో ఉన్నవాళ్లకు పాత కంపెనీ రోజులు కూడా లెక్కలోకి వస్తాయి. కాకపోతే కొత్త హెచ్ఆర్‌కి పాత ఇన్సూరెన్స్ నంబరే ఇవ్వాలి. కొత్త నంబర్ తీస్తే పాత రోజులు ఆ ఖాతాలో కనిపించవు, తర్వాత ఆఫీసు చుట్టూ తిరగాల్సిందే.

ఇంటర్వ్యూలో "పిల్లల ప్లాన్ ఉందా?" అని అడిగితే? చెప్పాలన్న రూల్ ఎక్కడా లేదు. దీనిపై పాత కేసు ఒకటుంది. నీరా మాథుర్ అనే మహిళ 1989లో ఎల్ఐసీలో చేరారు. 1990 జనవరిలో ప్రసవమైంది. ప్రొబేషన్‌లో ఉండగానే తీసేశారు. చేరేటప్పుడు ఫారంలో నెలసరి వివరాలు తప్పుగా రాశారన్నది సంస్థ వాదన. 1991లో సుప్రీంకోర్టు ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది. నెలసరి, గర్భం గురించిన అలాంటి ప్రశ్నలు ఫారంలోంచి తీసేయమని కూడా చెప్పింది. కాంట్రాక్ట్ గడువు మధ్యలో ముగిసినా ప్రసూతి ప్రయోజనం పూర్తిగా ఇవ్వాల్సిందేనని 2023లో డాక్టర్ కవితా యాదవ్ కేసులో ఇదే కోర్టు తేల్చింది.

ఒక్క జాగ్రత్త.. గర్భంతో ఉండగా సంస్థ తీసేస్తే చట్టం అండ ఉంటుంది. "నువ్వే రాజీనామా రాసివ్వు" అంటే రాసిచ్చారో, ఆ అండ వదులుకున్నట్టే.

ఇక ట్రీట్‌మెంట్ తీసుకుంటున్నవాళ్ల సంగతి. ఐవీఎఫ్ చికిత్సలో ఒకే నెలలో పలుమార్లు స్కానింగ్‌కి వెళ్లాలి. ఖేడ్ నుంచి హైదరాబాద్ వెళ్లి రావడమంటే ఒక రోజు పోయినట్టే. గర్భం రాకముందు చికిత్సకి ఈ చట్టంలో ప్రత్యేక సెలవు లేదు. కొత్త ఉద్యోగంలో మొదటి నెలల్లో సెలవులూ తక్కువే ఉంటాయి. కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ కూడా సాధారణంగా ఉద్యోగంతోనే ఆగిపోతుంది. సొంతంగా పాలసీ తీసుకుంటే మెటర్నిటీకి వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. కొత్త కంపెనీ పాలసీలో మెటర్నిటీ ఉందా, ఏ రోజు నుంచి వర్తిస్తుంది.. ఇవి పాతచోట రాజీనామా ఇవ్వకముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. కెమికల్స్ దగ్గర పని, నైట్ షిఫ్ట్ ఉంటే డాక్టర్‌కి ముందే చెప్పడం మంచిది.